పద్నాలుగో ఫొటోలో మెలిక

ఫిబ్రవరి 9, ఆదివారం
ఉదయం పది గంటలు

ఆకాశ వీక్షకుల సంఘం అధ్యక్షులవారికి, అనగా నా ఒక్కగానొక్క తమ్ముడికి,

అక్క దీవించి రాయించునది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో తెలియదు, పోయిన ఆదివారం హాలు మెట్లెక్కేటప్పుడు ఎడమ కాలు ఈడుస్తున్నావు. క్షేమసమాచారాలు ఇంతటితో ఆపుతున్నాను. ఎందుకంటే ఇది ఉత్తరం కాదు, వాంగ్మూలం. రాతపూర్వకంగా ఇవ్వమన్నావు కదా, ఇస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువుకో.

నన్ను అద్దాలమ్మ అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్లందరూ పోయారు, మిగిలినవాడివి నువ్వొక్కడివే, నువ్వు ఎలాగూ అక్కా అంటావు. వయసు డెబ్బై నాలుగు. నేను పుట్టిన ఏడు ఎవరూ రాసిపెట్టలేదు. నువ్వు పుట్టేనాటికి నాకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి కాబట్టి నీకంటే ఎనిమిదేళ్లు పెద్దదాన్నని లెక్క. కాపురం మూడో అంతస్తులో రెండు గదులు, పైన డాబా. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు. కొడుకు దూరపు ఊళ్లకు రాత్రి బస్సు నడుపుతాడు, పగలు పడుకుంటాడు. అందుకని మా ఇంట్లో పగలు గుసగుసలాడుకుంటాం, చీకటి పడ్డాక గట్టిగా మాట్లాడుకుంటాం. కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. నేను కళ్లద్దాల కార్ఖానాలో యాభై ఏళ్లు గాజు సానబట్టాను. చదువు రాదు. అంకెలు వస్తాయి, అవి కూడా కళ్లద్దాల అంకెలు.

ఈ కాగితం రాస్తున్నది కింద వాటాలో ఉండే అర్జీల మాస్టారు. ఆఫీసుల చుట్టూ తిరిగే జనానికి ముప్పై ఏళ్లుగా అర్జీలు రాసిపెట్టిన చెయ్యి. ఇందాక నా కోడలిని సదరు కోడలు అని రాశాడు. సదరు ఏమిటయ్యా, అది మా పిల్ల, కొట్టెయ్యి అన్నాను. అలా రాస్తే కాగితానికి బలం పెద్దమ్మా అన్నాడు. బలం నేనిస్తాను, నువ్వు నేను చెప్పింది రాయి అన్నాను. ఈ ముక్క కూడా రాయమన్నాను. మొహం అదోలా పెట్టుకుని రాస్తున్నాడు.

ముందు నువ్వు మోపిన నేరం సంగతి.

ఈ నెల రెండో తేదీ సాయంత్రం, గ్రంథాలయం పై హాల్లో మీ సంఘం వాళ్ల ఫొటోల ప్రదర్శన. గోడకు ఇరవై రెండు ఫొటోలు, మాది పద్నాలుగోది. నేను మూడో వరసలో ఫ్యాను కింద కూర్చున్నాను. నువ్వు పొడుగాటి కర్ర పట్టుకుని ఒక్కో ఫొటో దగ్గరా ఆగి మంచీ చెడ్డా చెబుతూ వచ్చావు. పదమూడో దాని దగ్గర నవ్వావు కూడా. పద్నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. కుడి పక్క దిగువన ఉన్న గోధుమరంగు మెలిక మీద కర్ర కొసతో కొట్టావు. చూపించలేదు, కొట్టావు, పైన ఉన్న గాజు టంగుమంది. ఈ మెలిక ఆకాశంలో లేదు అన్నావు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, దీనికి పదింతల టెలిస్కోపులతో తీసినవి చూశాను, ఒక్కదాంట్లోనూ లేదు, ఇది కంప్యూటర్లో కుంచెతో గీసింది అన్నావు.

కోడలు లేచి, మావయ్యగారూ, నేను అని మొదలుపెట్టింది. ఇక్కడ నేను అధ్యక్షుణ్ణి అన్నావు. అయితే సార్, నేను కుంచె ముట్టలేదు అంది. నువ్వు ఫొటో దించి, దాని మొహం గోడవైపు తిప్పి కింద ఆనించావు. ఏడాది పాటు ఆమెకు మీరంతా ఆకాశం చూసే సంఘం మైదానంలోకి ప్రవేశం లేదన్నావు. సంఘం వాడుకోమని ఇచ్చిన మోటారు స్టాండు నెలాఖరులోగా తిరిగి అప్పజెప్పమన్నావు. చేతులు దులుపుకుని పదిహేనో ఫొటో దగ్గరికి నడిచావు.

అప్పుడు నేను లేచాను. ఒరేయ్ తమ్ముడూ అన్న మాట నాకు తెలియకుండానే బయటికి వచ్చింది. హాలంతా నవ్వింది. నీ చెవులు ఎర్రబడ్డాయి, చిన్నప్పటినుంచీ అంతే. నావైపు చూడకుండా గోడకు చెబుతున్నట్టుగా, అభ్యంతరాలేమైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి అన్నావు. ఇవ్వండి అన్నావు, నన్ను. నాకు అక్షరం ముక్క రాదని ఆ హాల్లో కోడలు కాక తెలిసినవాడివి నువ్వొక్కడివే.

ఆ రాత్రి కంటి మీద కునుకు లేదని రాయించను. బాగానే పడుకున్నాను. కోపమొస్తే నాకు నిద్ర బాగా పడుతుంది. కాకపోతే మాస్టారికి తీరిక దొరకడానికి వారం పట్టింది.

నువ్వలా ఎందుకు చేశావో నాకు తెలుసు. అధ్యక్షుడి బంధువుల ఫొటో కాబట్టి వదిలేశారని ఎవరైనా అంటారేమోనని, అందరికంటే ముందు మనవాళ్ల మీదే పడ్డావు. నిక్కచ్చి మనిషివని పేరు నిలబెట్టుకున్నావు. దానికి మా పిల్ల పేరు తొక్కి నిలబడ్డావు.

ఆ పిల్లకి ఏమైందో విను. టెలిస్కోపు విప్పి పెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించేసింది, దాని మీద దుప్పట్లు. ఆసుపత్రిలో ఇద్దరు అడిగారట, మీ ఫొటోల్లో ఏదో గొడవైందటగా అని. ఒకరి ఊపిరితిత్తి మీద మచ్చ ఉందా లేదా అని డాక్టరు చూసేది ఈమె తీసిన బొమ్మలోనే. ఉన్నది ఉన్నట్టు తియ్యడమే ఆమె ఉద్యోగం. అలాంటి మనిషికి బొమ్మలు దిద్దే చెయ్యి ఉందని పేరొస్తే, రేపు ఆమె తెచ్చిన ప్లేటుని ఎవడు నమ్ముతాడు? నువ్వు కర్రతో కొట్టింది గాజు మీద కాదు, ఆమె అన్నం మీద.

ఇక నా సాక్ష్యం. ఈ ఫొటో తీసినన్నాళ్లూ ఆమె పక్కన ఉన్నది నేనే.

మేం తీసింది నక్షత్రాల మధ్య ఉన్న ఒక మేఘాన్ని. దానికి పేరు లేదు, ఏవో అంకెలున్నాయి, అవి నాకొచ్చే అంకెలు కావు. మొదట్లో నేను, అంత దూరంలో మండుతున్నదాన్ని ఇంత చిన్న గొట్టంతో ఎలా తీస్తావమ్మాయ్ అన్నాను. మండటం లేదు అత్తయ్యా, అది ఉత్త దుమ్ము అంది. దానికి సొంత వెలుగు లేదట. పక్కన ఒక నక్షత్రం ఉంది, దాని వెలుగు పడినంత మేరా నీలంగా కనిపిస్తుందట. వెలుగు సరిగా అందని చోట గోధుమరంగు. అసలు అందని చోట నలుపు, వెనకున్న నక్షత్రాల్ని కూడా మూసేస్తుందట. నీలం తేలిగ్గానే పడుతుంది, ఆ గోధుమరంగు పడాలంటేనే గంటల తరబడి కూర్చోవాలి అంది.

నాకు వెంటనే అర్థమైంది. నా కార్ఖానా నీకు గుర్తుందో లేదో, బడి వదిలాక నా బల్ల కింద కూర్చుని పాఠాలు బట్టీ పట్టేవాడివి. సానపొడి గదినిండా తేలుతుండేది, కానీ కంటికి కనపడేది కాదు. మధ్యాహ్నం మూడింటికి పైకప్పులో గాజుపలకలోంచి ఎండ దిగేది చూడు, ఆ ఎండ పడిన మేర మాత్రం పొడి సుడులు తిరుగుతూ కనిపించేది. పక్కనే నీడలో ఉన్న పొడి కనిపించేది కాదు, అలాగని లేకుండా పోయిందా? అది మన ముక్కుల్లోకి వెళుతూనే ఉండేది. ఈ మాట కోడలికి చెబితే, చాలామందికి రెండు గంటలు చెప్పినా ఎక్కదు అత్తయ్యా అంది. ఆ రోజునుంచి ఆ ఫొటో సగం నాది.

టెలిస్కోపంటే మాది మూరెడు గొట్టం. వేరేవాళ్లు వాడి అమ్మేసింది. దాని ముందు గాజుని నేను కిటికీ దగ్గర వెలుగుకి పట్టి చూసి, అంచున ఒక గీత ఉంది, ఫరవాలేదు, తీసుకో అన్నాకే తీసుకుంది. దాని వెనక కెమెరా. కింద మీ సంఘం స్టాండు, ఆకాశం తిరిగిన కొద్దీ అదీ తిరుగుతుంది.

డిసెంబరు నెలాఖరున, అమావాస్య చుట్టూ ఐదు రాత్రులు తీశాం. ఒక్కో ఫొటోకి మూడేసి నిమిషాలు. నా పనులు మూడు. బట్టలారేసే తీగల మీద నల్ల దుప్పట్లు కట్టి వీధి దీపానికి అడ్డం పెట్టడం ఒకటి. గొట్టం మూతికి మంచు పట్టకుండా చుట్టిన పట్టీ వెచ్చగా ఉందో లేదో తడిమి చూడటం రెండు. మోటారు చప్పుడు వినడం మూడు. దాని గొంతు మారిందంటే ఎక్కడో వైరు చుట్టుకుందన్నమాట, కోడలి కంప్యూటరు కంటే ముందు నేనే పట్టేదాన్ని. మొదటి రాత్రి ఎదురు డాబా వాళ్ల బాల్కనీ దీపం మా మీద పడుతుంటే వెళ్లి ఆపమన్నాను. పైన ఏం ఫొటోలు తీస్తున్నారు, మా బాల్కనీయేనా అని అడిగింది ఆ ఇంటావిడ. మీ బాల్కనీలో ఏముందని తియ్యడానికి, పాత సైకిలూ రెండు ఎండిన తొట్లూ అన్నాను. మూతి ముడుచుకుంది గానీ ఐదు రాత్రులూ దీపం ఆపింది. కావాలంటే ఆవిణ్ణి కూడా సాక్ష్యం అడుగు.

మొత్తం నాలుగు వందల పన్నెండు ఫొటోలు. కెమెరా ఐదు రోజులూ గొట్టానికి బిగించి ఉన్నది ఉన్నట్టే ఉంది, పగలు పైన తడి తగలని సంచీ కప్పి ఉంచాం.

ఆఖరి రోజు తెల్లవారుజామున ఫ్లాట్లు తియ్యాలి అంది. ఫ్లాట్లంటే నేను అపార్ట్‌మెంట్లనుకుని, తెల్లారకముందే ఇళ్ల ఫొటోలెందుకమ్మాయ్ అన్నాను. కూర్చుని నవ్వింది. అవి వేరట. గొట్టం మూతికి తెల్లబట్ట కట్టి, వెలుగొచ్చే ఆకాశం వైపు పెట్టి తీస్తారు. అందులో నక్షత్రాలుండవు, అంతా తెలుపే. కానీ గాజు మీద ఎక్కడ నలుసున్నా, మూలల్లో ఎక్కడ మసకున్నా అది మాత్రం అందులో పడుతుంది. కంప్యూటరు ఆ లెక్క చూసుకుని అసలు ఫొటోల్లోంచి ఆ మచ్చలు తీసేస్తుంది. మన ఇంటి దుమ్ము తీసేస్తే మిగిలేది ఆకాశం దుమ్ము అంది. నేను వాటికి తెల్లఫొటోలని పేరు పెట్టుకున్నాను. బట్ట కోసం ఆమె కిందికి వెళ్లింది, వచ్చేదాకా నేను కాపలా ఉన్నాను. వచ్చి నలభై తెల్లఫొటోలు తీసింది. కెమెరా కదలలేదు కాబట్టి ఐదు రాత్రులకూ ఆ నలభై చాలంది.

తర్వాత పదకొండు సాయంత్రాలు కంప్యూటరు ముందు. నేను మంచం మీద ఆమె భుజం వెనక కూర్చున్నాను. మబ్బు తగిలిన ఫొటోలు ఏరి పారేసింది. ఒకదాంట్లో విమానం గీత పడితే బాగుంది ఉంచుదామన్నాను, వద్దంది. మిగిలినవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. మసగ్గా ఉన్నదాన్ని వెలుగు పెంచుతూ కొంచెం కొంచెంగా పైకి లాగింది, ముందు నీలం వచ్చింది, తర్వాత దాని చుట్టూ గోధుమరంగు పొగలాగా తేలింది. తొమ్మిదో సాయంత్రం కుడి పక్క దిగువన ఆ మెలిక కనబడింది. ఒంపు తిరిగి, కొస సన్నబడి, మెత్తగా. కోడలు తెరకి దగ్గరగా వంగింది. అత్తయ్యా, ఇది ఎవరి ఫొటోలోనూ లేదు అంది. నమ్మలేదు, అంతా మూసేసి మొదటినుంచీ మళ్లీ పేర్చింది. మళ్లీ వచ్చింది. తెల్లఫొటోల లెక్క తీసేశావా అని నేనే అడిగాను. తీసేశాను, ఇక మిగిలింది ఆకాశమే అంది. ఆమె చెయ్యి కుంచె జోలికి వెళ్లడం నేను చూడలేదు. నాకు చదువు లేదు గానీ కళ్లున్నాయి, వాటి కోసం యాభై ఏళ్లు జీతమిచ్చారు.

మరి వేరేవాళ్ల ఫొటోల్లో ఎందుకు లేదంటావు. వేరేవాళ్లు ఇరవై గంటలు కూర్చున్నారా? ఆ నీలం రంగు చూసి మురిసిపోయి లేచిపోయి ఉంటారు. నీడలో ఉన్న పొడి ఓపికున్నవాళ్లకే కనిపిస్తుంది. మెలిక ఆకాశానిదే. ఇది నా మాట, రాతపూర్వకంగా.

ఇంకొక సంగతి. అనుమానమొచ్చినప్పుడు ఆ నాలుగు వందల పన్నెండు ముడి ఫొటోలు తెమ్మని ఎందుకు అడగలేదు? దిద్దిందో లేదో వాటిలో తెలిసిపోతుందట కదా. కోడలు ఎందుకు చూపించలేదంటే, అడగకుండా దొంగనన్నవాడికి జేబులు తిప్పి చూపించను అంది. ఆమె పౌరుషం నాకు నచ్చింది గానీ నాకంత పౌరుషం లేదు. అడగవలసింది నువ్వు, అడిగించుకోవలసింది ఆమె, మధ్యలో నేను అడుగుతున్నాను. వచ్చి చూడు. చూసి, ఆ ఫొటో మళ్లీ అదే మేకుకి తగిలించు. స్టాండు కోసం మనుషుల్ని పంపిస్తే మెట్ల మీద నేనే కూర్చుని ఉంటాను, నన్ను దాటుకుని తీసుకెళ్లమను.

మరదలిని అడిగానని చెప్పు. మోకాలికి వేడినీళ్ల కాపడం మానకు.

ఇట్లు,
నీ మేలు కోరేదీ, నీ మీద కోపం తగ్గనిదీ అయిన
అక్క

తా.క.

అదే రోజు, సాయంత్రం. ఇక్కడినుంచి చేతిరాత మారింది, గమనించే ఉంటావు. రాస్తున్నది మా కోడలు. చెబుతున్నది మాత్రం నేనే.

గుర్తు పెట్టేముందు మొత్తం చదివి వినిపించాలని మాస్టారి నియమం. ఆయన మొదలుపెట్టబోతుంటే కోడలు డ్యూటీ దిగి వచ్చింది. ఇదంతా ఆమెకు తెలియకుండా రాయించాను, తనే చదివితే గర్వంగా ఉంటుందని కాగితాలు ఆమె చేతికిచ్చాను. ఎదురింటావిడ ముక్క దగ్గర నవ్వింది. తెల్లఫొటోల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. బట్ట కోసం నేను కిందికి వెళ్లినప్పుడు నువ్వేం చేశావు అత్తయ్యా అంది. కాపలా ఉన్నానని రాసి ఉందిగా అన్నాను. ఊరికే కూర్చున్నావా అంది. నేను ఊరికే కూర్చోవడం నువ్వెప్పుడైనా చూశావా అన్నాను.

అన్నాక, నేను అన్న మాట నాకే వినపడింది.

తమ్ముడూ, దాచాలని దాచలేదు. గిన్నెలు కడిగామనీ పక్కలు దులిపామనీ ఎవరైనా సాక్ష్యంలో చెబుతారా? నేనూ అలాగే చెప్పలేదు. కెమెరాకు ముందు అగ్గిపెట్టె సొరుగులాంటిది ఒకటుంటుంది, అందులో గుండ్రటి గాజుబిళ్ల. ఆ తెల్లవారుజామున వెలుగొస్తుంటే, లోపల అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూద్దామని ఆ సొరుగు లాగాను. బిళ్లని వెలుగుకి పట్టాను. రెండు నలుసులు, ఒక అంచున ఒక నూలుపోగు, వెంట్రుకలో సగం లావు, ఒంపు తిరిగి ఉంది. మురికి గాజు చేతిలో ఉంటే దాన్ని అలాగే వదిలిపెట్టడం నా వల్ల అయ్యే పని కాదు. ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ వెలుగుకి పట్టి చూసుకుని, సొరుగు మూసేశాను. ముప్పై లెక్కపెట్టేలోగా అయిపోయింది. మంచిపని చేశాననుకున్నాను. ఆమెకు చెప్పాలని కూడా తోచలేదు.

ఐదు రాత్రులు ఆ పోగు నీడ ఫొటోల్లో పడుతూనే ఉంది. తెల్లఫొటోలు తీసే వేళకి పోగు లేదు. లేనిదాన్ని కంప్యూటరు లెక్కలోంచి ఎలా తీసేస్తుంది?

కోడలు కాగితాలు మడిచి మాస్టారి చేతికిచ్చి లోపలికి వెళ్లి కంప్యూటరు తెరిచింది. ఒక్కో రాత్రి ఫొటోలు విడివిడిగా పేర్చి, ఒకదాని తర్వాత ఒకటి నాకు చూపించింది. రోజూ గొట్టం సరిగ్గా అదే చోటికి రాలేదు, చిటికెన వేలి గోరంత తేడా. నక్షత్రాలు ఒక్కో రాత్రికి అంత జరిగాయి. మేఘం వాటితోపాటే జరిగింది. మెలిక జరగలేదు. ఐదు రాత్రులూ తెరమీద అదే చోట కూర్చుంది. ఆకాశానిదైతే నక్షత్రాలతోపాటు కదలాలి కదా. నాకు కూడా తెలిసిపోయింది.

కోడలు నావైపు తిరిగి, నువ్వు ఎంత శుభ్రంగా తుడిచావంటే అత్తయ్యా, నా తెల్లఫొటోల్లో ఒక్క మచ్చ లేదు, అప్పుడే నాకు అనుమానం రావలసింది అంది. నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. నువ్వు హాల్లో అన్న మాటకి ఏడవని పిల్ల, మెలిక పోయినందుకు ఏడ్చింది. కొడుకు నిద్రలేచి వచ్చి ఎవరికేమైందని అడిగాడు. ఎవరికీ ఏమీ కాలేదు, వెళ్లి పడుకో అన్నాం ఇద్దరం. నేను ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చుని, తప్పు నాదమ్మా అన్నాను. నా ఎరుకలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. లే అత్తయ్యా, మోకాళ్లు పట్టేస్తాయి అంది. అని, కలం తీసుకుని, మాస్టారూ, ఇలా ఇవ్వండి కాగితం అంది.

మాస్టారు పాతవి చింపేసి కొత్తగా రాద్దామన్నాడు, అర్జీలో తప్పుండకూడదట. వద్దన్నాను. మెలిక ఆకాశానిదే అని నేను గట్టిగా చెప్పిన ముక్క అలాగే ఉంటుంది. నేను తప్పు చెప్పినట్టు కూడా రాతపూర్వకంగానే ఉండనీ.

ఇప్పుడు విను. నువ్వు ఆ హాల్లో రెండు మాటలన్నావు. ఆకాశంలో లేదన్నావు, అది నిజం. కుంచెతో గీసిందన్నావు, అది అబద్ధం. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది దాని కొంగు పట్టుకుని లోపలికి రాకూడదు. మొదటి మాటకి నేను నీకు తల వంచుతున్నాను. నలభై ఏళ్లు ఊరికే చూడలేదు నువ్వు. రెండో మాటని నువ్వు అదే హాల్లో, అదే కర్ర చేత్తో పట్టుకుని, కూర్చున్నవాళ్లందరూ వినేలా వెనక్కి తీసుకోవాలి. ముడి ఫొటోలన్నీ ఈ కాగితంతోపాటు, కంప్యూటరుకు తగిలించే డబ్బీలో వేసి పంపుతున్నాం. జేబులు తిప్పి చూపించనన్న పిల్లే తన చేత్తో వేసింది.

పద్నాలుగో ఫొటోని మేమే వెనక్కి తీసుకుంటున్నాం. దాన్ని మళ్లీ గోడకు తగిలించొద్దు. ఈ వాక్యం దగ్గర కోడలి చెయ్యి ఆగింది. రాయమ్మా అన్నాను. రాసింది.

ఇరవై ఏడున అమావాస్య. అటూ ఇటూ కలిపి నాలుగు రాత్రులు ఆ మేఘం ఇంకా మాకు అందుతుంది, నెల దాటితే పొద్దుగూకేసరికే పడమటికి వాలిపోతుందట. ఆ నాలుగు రాత్రులూ మళ్లీ కూర్చుంటాం. గొట్టం బీరువా మీదినుంచి దిగింది, దుప్పట్లు నేనే తీశాను. స్టాండు ఆ తర్వాత తీసుకెళ్లు, మెట్ల మీద అడ్డం కూర్చోను, నేనే ఒక పక్క పట్టుకుంటాను. నా దగ్గరున్న మెత్తటి గుడ్డలన్నీ కోడలు పోగుచేసి తాళం వేసింది. డాబా మెట్ల దగ్గర నా కొంగు కూడా తడిమి చూశాకే పైకి రానిస్తుందట. సరేనన్నాను, అది అడగదగిన మాటే.

ఈసారి ఏ రాత్రి తెల్లఫొటోలు ఆ రాత్రివే. తీసేటప్పుడు సంఘం తరఫున ఒక మనిషి పక్కనుండి చూడాలని కోడలు అంటోంది. సంఘం తరఫున ఎవరో వద్దు, నువ్వు రా. మూడంతస్తులు, మెల్లగా ఎక్కు. అధ్యక్షుడివై వచ్చినా సరే, తమ్ముడివై వచ్చినా సరే, కూర్చోవడానికి ఒకటే కుర్చీ ఉంది, అది నీకిస్తాను.

సానపొడి రుద్ది రుద్ది నా బొటనవేలి గీతలు అరిగిపోయాయి, ముద్ర వేస్తే ఉత్త సిరా మరక పడుతుంది. అందుకని గుండ్రం చుడుతున్నాను. చదివి వినిపించగా విని, ఒప్పుకుని పెట్టిన గుర్తు.

అద్దాలమ్మ గుర్తు: ○

సాక్షులు:

1. అర్జీల మాస్టారు, కింద వాటా. మొదటి కాగితాలు రాసినవాడు.

2. కోడలు, ఎక్స్‌రే గది. చివరి కాగితాలు రాసినది.

3. ........................ తెల్లఫొటోలు తీసేటప్పుడు పక్కనుండి చూసినవాడు.